గీత పడని నాలుగొందల రోజులు

మా తాత మునియ్య చేతకానివాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథ విన్నవాళ్ళంతా చివర్లో ఆ ముద్రే వేసి పోతారు. మా మేనమామలు వేశారు. ఆఖరికి మా అమ్మ సర్లా కూడా, సొంత కూతురై ఉండి, "మా నాయన వట్టి వెర్రిబాగులోడు" అని తేల్చేసింది. ఒక్క మా అవ్వ ద్రౌపది మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆమె అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

తాత 1907లో చిత్తూరు వైపు నుంచి మద్రాసు వెళ్ళి, అక్కడ గిర్మిట్ అనే అయిదేళ్ళ కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి ఫిజీ ఓడెక్కాడు. లౌటోకా దగ్గర చెరుకు తోటలో అయిదేళ్ళు. అవ్వ కూడా గిర్మిట్ మీద వచ్చిన మనిషే. ఇద్దరూ కలిసింది ఆ కూలి లైన్లలోనే, అంటే వరసగా కట్టిన కంపెనీ గదుల్లోనే. లైను గది పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు. అందులోనే పడక, అందులోనే పొయ్యి. చెమ్మ కట్టెలు ఊదీ ఊదీ అవ్వ కళ్ళు ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉండేవి. గిర్మిట్ అయిపోయి ఫ్రీ కాగితం వచ్చాక కూడా వాళ్ళు పాత లైనులో అలాంటి గదికే అద్దె కడుతూ ఉండిపోయారు. అవ్వకి బంగారం మీద ఆశ లేదు, ఊరికి తిరిగి పోవాలన్న బెంగ కూడా పెద్దగా లేదు. పడుకునే చోట పొగ లేని ఇల్లు కావాలి. వంటిల్లు వేరే ఉండాలి. ఆమె తాతని అడిగింది అదొక్కటే.

తాత చేతి పనితనం గురించి రెండు మాటలు చెప్పాలి. గిర్మిట్ చివరి రెండేళ్ళు అతన్ని మిల్లు వడ్రంగి షెడ్డుకి మార్చారు. బాడిస పట్టినా, చిత్రిక పట్టినా, అతని కింద చెక్క మాట వినేదట. బయటికొచ్చాక మిల్లు నడిచే నెలల్లో మిల్లులో పని చేసేవాడు. మిల్లు ఆగిపోయే అయిదు నెలలూ చేతిలో పని ఉండేది కాదు.

ఆ ఖాళీ నెలలనే దొరస్వామి పట్టుకున్నాడు. దొరస్వామి తాతకి జహాజీ, అంటే ఒకే ఓడలో వచ్చినవాడు. ఆ వరస ఇక్కడ సొంత తమ్ముడి కంటే గట్టిది. గిర్మిట్ రెండో ఏట అతన్ని సర్దారుని, అంటే కూలీల మీద మేస్త్రీని చేశారు. మంచి సర్దారే అని అవ్వ కూడా ఒప్పుకునేది. ఇప్పుడు అతనికి సొంత ఎడ్లబండి ఉంది. మూడోవాడు జగన్నాథం. నమాకాలో కొట్టు పెట్టుకున్న పెద్దమనిషి, చదువు వచ్చినవాడు, డబ్బున్నవాడు. ముగ్గురూ కలిసి పాత కట్టడాలు చవగ్గా కొని, బాగుచేయించి, అద్దెకి ఇచ్చి, ధర రాగానే అమ్ముదామని అనుకున్నారు.

అలా మూడు కట్టడాలు చేతికొచ్చాయి. నమాకాలో గాలివానకి కప్పు ఎగిరిపోయిన పాత కొట్టు ఒకటి. లౌటోకా మిల్లు దగ్గర పాడుపడిన ఎనిమిది గదుల లైను ఒకటి. నటబువాలో ఎవరో తెల్లవాడు వదిలేసి పోయిన చిన్న ఇల్లు ఒకటి. నటబువా ఇంటికి ముందు వరండా, లోపల రెండు గదులు, వెనక బోలెడంత ఖాళీ జాగా. 1914లో ఒక ఆదివారం ఆ వరండాలో కూర్చుని, యంగోనా అనే ఫిజీ పానీయం గిన్నె మధ్యలో పెట్టుకుని, ఒప్పందం చేసుకున్నారు.

"ఎవురు ఎంత పెడితే అంత. ఆకర్న మూడింటి హిసాబూ కలిపి చూసి, ఎవురి వంతు వాళ్ళం తీసుకుందాం" అన్నాడు జగన్నాథం.

"ఈ నటబువా ఇల్లు నీకేలే అన్నా. నీ వంతు కిందకి తేలిగ్గా వస్తాది. వదినకి చెప్పు" అన్నాడు దొరస్వామి.

తాత ఆ మాట అవ్వకి చెప్పాడు. మర్నాడే అవ్వ నటబువా నడిచి వెళ్ళి, ఇంటి వెనక జాగా చూసి, వంటిల్లు ఎక్కడ రావాలో మడమతో గీసి వచ్చింది. ఆ పక్కనే ఒక కరివేపాకు మొక్క కూడా నాటింది.

మూడు చోట్ల పని, ముగ్గురి డబ్బు. ఒకచోట కొన్న సరుకు ఇంకోచోట పడుతుంది. ఎక్కడ ఎంత ఖర్చయిందో ఎవరు చూడాలి? పని దగ్గర రోజూ ఉండేవాడు తాత. అతనికి అక్షరం రాదు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. ఏ ఇంటి లెక్క ఆ ఇంటి ద్వారబంధం మీదే ఉంటుంది. లోపలి వైపు ఎడమ నిలువు దొరస్వామిది, కుడి నిలువు జగన్నాథానిది, పైనున్న అడ్డపట్టె తనది. ఉలితో చిన్న గాటు పెడితే సీలింగు, అంటే షిల్లింగు; గాటు మీద గాటు అడ్డంగా పడితే పౌను, అంటే ఇరవై సీలింగులు. కట్టడం కొన్న డబ్బు, మేకులు, రేకులు, సున్నం, కూలీల జీతాలు, అన్నీ ఎవరి జేబులోంచి వస్తే వాళ్ళ నిలువు మీదకి ఎక్కేవి. దొరస్వామి బండి ఒక తిప్పు తిరిగితే తిప్పుకింతని అతని నిలువు మీద గాటు పడేది. ఆ గాటు పెట్టింది మా తాతే. గుర్తుంచుకోండి. బండివాడి ప్రతి తిప్పూ మా తాత తన చేత్తో చెక్కాడు.

నెలకోసారి జగన్నాథం మూడిళ్ళూ తిరిగి, గుమ్మాలు చూసి, తన పుస్తకంలోకి ఎక్కించుకునేవాడు. ఒకసారి నమాకా కొట్టుకి పన్నెండు రేకులు కొంటే కప్పు మీద ఎనిమిదే కనిపించాయి. జగన్నాథం మొహం మాడింది.

"నాలుగు రేకులు యాడికి పోయినాయి మునియ్యా?"

తాత అతన్ని నటబువా తీసుకెళ్ళాడు. నాలుగు రేకులూ అక్కడ వరండా మీద ఉన్నాయి. నమాకా గుమ్మం మీద ఆ నాలుగింటి గాట్లనీ చిత్రిక పట్టి తీసేసి, నటబువా గుమ్మం మీద అదే కుడి నిలువు మీద మళ్ళీ చెక్కి ఉన్నాయి. నమాకాలో చిత్రిక పట్టిన జాగా తెల్లగా మెరుస్తూ ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. జగన్నాథం చాలాసేపు వేళ్ళతో తడిమి చూశాడు.

"మునియ్య గుమ్మం అబద్ధం చెప్పదబ్బా" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. తాత దానికి మురిసిపోయాడు. నాకైతే ఆ మెచ్చుకోలు తల్చుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు అడ్డపట్టె సంగతి. మూడిళ్ళలోనూ పైపట్టె ఎడమ సగంలో తాత తను పెట్టిన డబ్బు చెక్కుకున్నాడు. మిల్లు జీతంలో మిగిల్చినది, మూడు చోట్లా కలిపి తొమ్మిది పౌన్లు. కుడి సగం మాత్రం నున్నగా చిత్రిక పట్టి, కొబ్బరినూనె రాసి, ఒక్క గాటు కూడా లేకుండా వదిలేశాడు. ఒకరోజు సద్ది తెచ్చిన అవ్వ తలెత్తి అది చూసింది.

"ఏందయ్యా, ఈ పక్కంతా బోడిగా ఉండాది?"

"అది నా పనికి. నా రోజులు పడాల అక్కడ."

"మరి గీసుకోలేదే?"

"నా రోజులు నేను గీసుకుంటానా! వాళ్ళు గీస్తార్లే."

"నువ్వు చెప్పినావా వాళ్ళకి?"

"చెప్పేదేంది మే? చూస్తా ఉండారు గదా. దొరస్వామికి తెలీదా ఏంది, ఎన్నేళ్ళు గీయించినోడు!"

ఇదీ మా తాత చేసిన తప్పు. దీన్ని వెర్రితనం అనేవాళ్ళు గిర్మిట్ చేసి ఉండరు. గిర్మిట్‌లో మనిషి తన పని తాను లెక్కపెట్టుకోకూడదు. పొద్దున సర్దారు టాస్కు కొలిచి ఇస్తాడు. సాయంత్రం కులంబరు, అంటే తోట మీద తెల్ల అధికారి, గుర్రం మీద వస్తాడు. సర్దారు పేరు పిలిచి, పని మొత్తం అయితే "పూరా" అని కేక వేస్తాడు. కులంబరు పుస్తకంలో గీత పెడతాడు. గీత పడితే ఆ రోజుకి సీలింగు. పడకపోతే ఆ రోజు నువ్వు చేలో లేనట్టే.

తాత దిగిన కొత్తలో ఇది ఒప్పుకోలేదు. మొదటి నెల తన రోజులు లైను గోడ మీద బొగ్గుతో గీసుకున్నాడు. ఇరవై మూడు గీతలు. జీతం పదిహేడు రోజులకే వచ్చింది. పాతికేళ్ళ కుర్రతనం, పౌరుషం. కులంబరుని పిలిచి గోడ చూపించాడు. కులంబరు గుర్రం మీద నుంచే గీతలన్నీ ఎంచాడు. ఎంచి, కంపెనీ గోడ పాడుచేసినందుకు రెండు సీలింగులు కోసేశాడు. ఆదివారం నాడు గోడంతా వాడి చేతే తెల్ల చేయించమని సర్దారుకి చెప్పాడు. ఆ ఆదివారం లైనులో అందరూ చూస్తుండగా మా తాత తన రోజుల మీద తానే సున్నం కొట్టాడు.

ఆ తర్వాత అతను మళ్ళీ తన రోజులు ఎంచలేదు. నోటితో ఎంచలేదు, మనసులో కూడా ఎంచలేదు. దొరస్వామి సర్దారు అయ్యాక ప్రతి సాయంత్రం "మునియ్యా, పూరా!" అని కేక వేసేవాడు. ఒక్కరోజు కూడా కోత పెట్టలేదు. తన పని తను చేసుకుపోతే మంచి మనిషి ఒకడు చూసి లెక్క వేస్తాడని తాతకి అలా అలవాటైపోయింది. అయిదేళ్ళలో నేర్చుకున్నది అతను ఫ్రీ కాగితం రాగానే మర్చిపోలేకపోయాడు.

మూడేళ్ళు గడిచాయి. ఏడాదికి అయిదు నెలలు, నెలకి ఇరవయ్యారు రోజులు, పైన చిల్లర ఆదివారాలు. కలిపితే నాలుగొందల రోజులు. అప్పట్లో మంచి వడ్రంగికి రోజుకి మూడు సీలింగులు. అంటే అరవై పౌన్లు. ఆ నెలల్లో ఇంట్లోకి పైసా రాకపోతే అవ్వ చెరుకు చేలల్లో కలుపు తీసి, ఆకుకూరలు అమ్మి, ఆ డబ్బుతో బియ్యం కొని, అతనికి సద్ది కట్టింది. "ఇల్లు వస్తాది గదా" అనుకునేదట.

1917లో జగన్నాథానికి వేరే చోట మంచి భూమి కౌలుకి దొరికింది. డబ్బు కావాలి, లెక్క తేల్చేద్దామన్నాడు. నమాకా కొట్టు అరవై పౌన్లకి పోయింది, లైను యాభైకి పోయింది. నటబువా ఇంటికి నలభై అని ధర కట్టారు. మొత్తం నూట యాభై. మధ్యవర్తిగా రాందాస్‌ని పిలిచారు. ఉత్తరాదివాడు, గిర్మిట్‌లో అందరికంటే పాతవాడు, పక్షపాతం లేనివాడని పేరు. అవ్వ ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని, అప్పటికి పుట్టిన చంటిపిల్లని చంకనేసుకుని, వరండా మెట్టు మీద కూర్చుంది. ఆ సాయంత్రం నుంచి ఆ వరండా తనదే అనుకుంది.

జగన్నాథం పుస్తకం చదివాడు. రాందాస్ ఒక్కొక్కటీ గుమ్మంతో సరిచూశాడు. అమ్మేసిన రెండిళ్ళ గుమ్మాలూ అతను ముందే వెళ్ళి చూసొచ్చాడు. జగన్నాథానివి నలభై అయిదు పౌన్లు. దొరస్వామివి ముప్పై ఆరు, అందులో బండి తిప్పులే పద్నాలుగు. మునియ్యవి తొమ్మిది.

"హిసాబ్ ఏక్‌దమ్ సాఫ్ హై" అన్నాడు రాందాస్. ఒక్క మేకు కూడా తేడా రాలేదు. పెట్టిన తొంభై మీద తొమ్మిది అంటే పదో వంతు. మునియ్యకి పదిహేను పౌన్లు.

తాతకి మొదట అర్థం కాలేదు. ఇంకా చదవాల్సింది ఉందనుకుని కూర్చునే ఉన్నాడట. జగన్నాథం పుస్తకం మూసేశాక తలెత్తి అడ్డపట్టె వైపు చూశాడు.

"ఆ కుడి పక్క జాగా..." అన్నాడు.

"అది ఖాళీగానే ఉండాది గదా" అన్నాడు జగన్నాథం.

"నా పనికి ఉంచినా. మీరు గీస్తారని."

రాందాస్ తాత వైపు తిరిగి, ఎన్ని రోజులు పని చేశావో చెప్పమన్నాడు. "బోలో భాయ్, కిత్నా దిన్?"

తాత నోరు తెరిచాడు. "నేను ఎంచలా. మీరంతా చూస్తానే ఉంటిరి గదా" అన్నాడు.

అప్పుడు అవ్వ లేచింది.

"నాలుగు నూర్లన్నా! నేను సద్ది కట్టినా. కలుపుకి పోయి తెచ్చిన బియ్యంతో కట్టినా. బండి ఎద్దుల తిప్పులు గుమ్మం మీదికి ఎక్కినాయే, నా మొగుడి చేతులు ఎక్కలేదా? ఎద్దుల పాటి చెయ్యలేదా ఆయన?"

"గుమ్మం నేను చెక్కలేదు చెల్లెమ్మా. నీ మొగుడు చెక్కిందే" అన్నాడు జగన్నాథం నెమ్మదిగా. "గుమ్మంలో లేంది ఇప్పుడు నోటిమాటతో చేరిస్తే, రేపు నేను కూడా ఇంకోటి చెప్తా. అప్పుడు హిసాబు అనేది యాడుంటాది? మునియ్య గుమ్మం అబద్ధం చెప్పదని మనమే గదా అనుకుంటిమి."

జగన్నాథానికి తెలుసు. ఈ మాట ఎవరేమనుకున్నా అంటాను. మూడేళ్ళు నెల నెలా వచ్చి ఆ నున్నటి జాగా చూసి, చదువుకున్నవాడై ఉండి, అది ఎందుకుందో ఒక్కసారి కూడా అడగలేదంటే తెలిసే అడగలేదు. దొరస్వామి సంగతే నాకు తేలదు. రాందాస్ అతన్నే అడిగాడు, నువ్వు ఒప్పుకుంటే కలుపుదాం అన్నాడు. దొరస్వామి జగన్నాథం మొహం చూశాడు, తర్వాత ఇంటి గోడలు చూశాడు. తాతకి కాకపోతే ఆ ఇల్లు ఎవరికి వస్తుందో అతనికి అప్పుడే తట్టి ఉంటుంది. రోజూ సాయంత్రం "పూరా" అని కేక వేసిన నోరు ఆ సాయంత్రం పెగల్లేదు.

"నువ్వు గీసుకోని ఉండాల్సింది అన్నా" అని మాత్రం అన్నాడు చివరికి. "గీసుంటే ఎవురు కాదంటారు?"

నటబువా ఇల్లు దొరస్వామి వంతు కిందకి వెళ్ళింది. పైన ఇరవై పౌన్లు రొక్కం. జగన్నాథం డెబ్బై అయిదు తీసుకున్నాడు. తాత పదిహేను పౌన్లు పంచె కొంగున కట్టుకున్నాడు. అరవై పౌన్ల పని కూడా లెక్కలోకి వచ్చి ఉంటే అతని వంతు అరవై తొమ్మిది. ఇల్లు పోగా ఇంకా ఇరవై తొమ్మిది చేతికి వచ్చేవి. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేశానో చెప్పలేను. ఎప్పుడు వేసినా అంతే వస్తుంది. అవ్వ వెనక్కి వెళ్ళి కరివేపాకు మొక్క పీకబోయి, అప్పటికే అది నడుమెత్తు పెరిగి ఉంటే, వదిలేసి వచ్చింది. ఇద్దరూ లైను గదికి నడుచుకుంటూ వెళ్ళారు. దారిలో ఆమె ఒక్కటే అడిగిందట.

"నాకన్నా చెప్పి ఉంటే నేను గీసేదాన్ని గదయ్యా?"

నిజానికి అతను చెప్పాడు. ఆ జాగా చూపించి మరీ చెప్పాడు. ఆమె కూడా గిర్మిట్ మనిషే. వాళ్ళు గీస్తారంటే ఆమె కూడా నమ్మింది. అందుకే కాబోలు ఎప్పుడూ అతన్ని ఒక్క మాట అనలేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. రెండు నెలల తర్వాత దొరస్వామి పాత లైనుకి వచ్చాడు. చేతిలో పొగాకు చుట్ట తెచ్చాడు తాతకి. తన భార్య సరస్వతి పొగ పడలేక దగ్గుతోందని, ఇంటి వెనక వంటిల్లు వేరే కట్టించాలని అన్నాడు.

"నీ అంత చేతి పని ఎవురికి వస్తాది అన్నా? రోజుకి రెండు సీలింగులు ఇస్తా. నీ రోజు నేనే గీస్తా, ఈసారి ఆ తకరారు వద్దు."

వెళ్ళొద్దని అవ్వ చెప్పలేదు. మిల్లు ఆగి ఉంది, పదిహేను పౌన్లలో అప్పటికే నాలుగు అప్పులకి పోయాయి. తాత ఉలి, బాడిస సంచిలో వేసుకుని వెళ్ళాడు. అవ్వ మడమతో గీసిన చోటే, ఆ కొలతలకే వంటిల్లు లేపాడు. పొగ పోయేందుకు కప్పులో కిటికీ కూడా పెట్టాడు, అవ్వ కోసం ఎప్పుడో అనుకున్నది. పని పదకొండు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం దొరస్వామి స్టూలెక్కి, ఇంటి గుమ్మం పైన ఆ నున్నటి జాగాలో, తాత ఉలి తీసుకుని ఒక గాటు పెట్టేవాడు.

పన్నెండో రోజు పొద్దున తాత ఇంటికి వచ్చి ఇరవై రెండు సీలింగులు అవ్వ చేతిలో పోశాడు. ఆమె పొయ్యి ఊదుతూ ఉంది. కళ్ళు తుడుచుకుని డబ్బు చూసింది. తాత మొహంలో చాలా రోజుల తర్వాత ఒక తృప్తి కనిపించిందట. మా అవ్వ ఈ చోటికి వచ్చేసరికి ఎప్పుడూ కథ ఆపేసి, బయటికి వెళ్ళి కూర్చునేది. మిగతాది మా అమ్మ చెప్పాల్సి వచ్చేది.

"ఎంచుకో" అన్నాడట తాత. "దొరస్వామే గీసినాడు. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు మే, పూరా వేసినాడు."